పప్పు ఉడికిన నీళ్లు

నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నీళ్ల పాఠం ఏటా వానాకాలంలో వస్తుంది. సిలబస్ ప్రకారం వానాకాలం, ఆకాశం ప్రకారం కాదు. ఒక ఆక్సిజన్, దానికి రెండు హైడ్రోజన్లు, మధ్యలో ఒక ఒంపు. ఆ ఒంపు వల్ల అణువుకు ఒక కొస ప్లస్సు, ఇంకో కొస మైనస్సు అవుతాయి. ఆ రెండు కొసలతోనే నీళ్లు ఉప్పును విడదీస్తాయి, చక్కెరను కరిగిస్తాయి, రాతిని కొంచెం కొంచెంగా తింటాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడటం, చెమట పట్టి మనిషి ఎండలో బతికి బట్టకట్టడం, తిన్నది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరగడం, అన్నీ ఆ ఒంపు చలవే. అది నిటారుగా ఉండి ఉంటే ఈ పాఠం చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదు, వినడానికి పిల్లలుండేవాళ్లు కాదు. బోర్డు మీద ఆ బొమ్మ నేను చక్కగా గీస్తాను. వెనక బెంచీల వాళ్లకు అది గొర్రె తలలా కనిపిస్తుందట.

బొమ్మ గీశాక, "నీళ్లు ఎవరినీ కాదనవు, ఏది ఎదురొస్తే దాన్ని తమలో కలుపుకుంటాయి" అని ఒక మాట అంటాను. అది జోకు. ఇరవయ్యేళ్లుగా అంటున్నాను. ఇంతవరకు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నేను కూడా నవ్వను, దానికి వేరే కారణం ఉంది.

తాగే నీళ్లను మనం మంచినీళ్లంటాం. మిగతావి చెడ్డవని కాదు, పేరు అలా పడింది. ఒకసారి మంచివని పేరు పడ్డాక వాటిని ఎవరూ అనుమానించరు. మనుషుల విషయంలో ఈ మర్యాద ఉండదు.

మా ఊరు తర్లుపాడు వైపు. పుట్టి పెరిగింది అక్కడే, ఇప్పుడు రోజూ బస్సెక్కి కాలేజీకి పోయేది కూడా అక్కడి నుంచే. అమ్మ, నాయన, నేను, నా భార్య, మా పాప, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఊరికి ఒక పాత బావి ఉంది. దానివి గట్టినీళ్లు. సబ్బు నురగ రాదు. గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అన్నిటికన్నా పెద్ద నేరం, ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు. నా చిన్నతనంలో మా అమ్మ పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా గింజ గింజగానే ఉండేది. సోడా ఉప్పు వేస్తే మెత్తబడేది కానీ, తింటుంటే చాకిరేవు గుర్తొచ్చేది. వేరే ఊళ్లకు పిల్లనిచ్చే ముందు బయటి ఊళ్లవాళ్లు ఆస్తి అడిగేవాళ్లు, మా ఊరికి పిల్లనిచ్చే ముందు మాత్రం పప్పు ఉడుకుతుందా అని అడిగేవాళ్లు.

మా నాయన గొర్రెల మనిషి. కొంచెం చేను కూడా ఉంది. ఇరవయ్యేళ్ల కిందట చేను గట్టున, ఊరి బాట పక్కనే బోరు వేయించాడు. అంతకు ముందు వేసిన రెండు బోర్లలో దుమ్ము బాగా వచ్చింది. మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి. మా వైపు కొత్త బోరు పడితే, పూజ చేసినా చేయకపోయినా, ఒక పరీక్ష మాత్రం తప్పదు. ఆ నీళ్లతో గుప్పెడు కందిపప్పు ఉడికించి చూస్తారు. ఉడికితే మంచినీళ్లు. ఉడక్కపోతే చేనుకు, గొడ్లకు. ఇందులో మధ్యేమార్గం లేదు, పై కోర్టు లేదు.

మా అమ్మ ఆ రోజు పప్పు పొయ్యి మీద పెట్టి, పొరకతో వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి అది ఉడికిపోయి ఉంది. ఆమె భయపడింది, ఏదో తేడా జరిగిందని. మా నాయన మూకుడు దించుకుని, గుడ్డతో పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగాడు.

"ఏలితో నొక్కి చూడండి" అంటాడు. నొక్కేవాళ్లు నొక్కారు. చివరి ఇంటికి వచ్చేసరికి మూకుట్లో పప్పు లేదు, వేళ్ల గుర్తులున్నాయి.

నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది అదే ఏడాది. మా నాయన ఒక సీసాలో నీళ్లు పట్టి నా చేతికిచ్చాడు.

"పప్పు చెప్పేది చెప్పింది. నువ్వు గూడ ఒకసారి చూసి చెప్పురా" అన్నాడు.

మా ల్యాబులో నీళ్ల గట్టిదనం కొలిచే పరీక్ష ఒకటి ఉంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గట్టినీళ్లు. రంగు వేస్తే ఎర్రగా అవుతాయి, పైనుంచి మందు బొట్లు బొట్లుగా వదులుతుంటే ఎప్పుడో నీలంగా మారతాయి. ఎన్ని బొట్లు పడితే అంత గట్టివి. పాత బావి నీళ్లకు గొట్టం ఖాళీ అయ్యేంత మందు పోయాల్సి వచ్చింది. బోరు నీళ్లు నాలుగు బొట్లకే నీలమైపోయాయి. నేను సాయంత్రం ఇంటికొచ్చి, "నాయనా, నంబర్ వన్ నీళ్లు" అన్నాను. ఆ మాట నేనన్నది ఆయనతో ఒక్కడితోనే, మా వసారాలో. మర్నాడు పొద్దున్నే ఊరంతా తెలిసింది. "మావాడు కాలేజీలో పరీక్ష చేసి చెప్పినాడు" అని ఆయన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడు. ఆగడానికి ఇష్టపడని వాళ్లతో పాటు నడిచి మరీ చెప్పాడు.

బోరు పక్కన సిమెంటు తొట్టి కట్టించి, దానికి నాలుగు కుళాయిలు పెట్టించాడు. కరెంటు వచ్చే వేళకు మోటారు వేసి, బండ మీద కూర్చునేవాడు. ఊరి ఆడవాళ్లందరూ బిందెలతో అక్కడికే. అంతవరకు ఆయన్ని గొర్లాయన అనేవాళ్లు. కొన్నాళ్లకు మంచినీళ్లాయన అయ్యాడు. ఆ పేరు వినబడితే మా నాయన ముఖంలో ఒక మార్పు వచ్చేది. బయటికి కనబడకూడదని పైగుడ్డతో తుడుచుకునేవాడు. చుట్టుపక్కల ఊళ్లకు ఆటోల్లో నీళ్ల క్యాన్లు రావడం మొదలయ్యాక కూడా మా ఊళ్లో ఆటో ఆగేది కాదు. క్యాన్లతను ఒకటి రెండుసార్లు హారన్ కొట్టి చూసి, మా ఊరిని వదిలేశాడు. పాత బావి గొర్రెలకు మిగిలింది. అవి దొడ్డికి దగ్గరని అక్కడే తాగేవి. వాటికి పప్పుతో పని లేదు కదా.

తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. ఒక్కసారిగా వచ్చి ఉంటే ఎవరైనా గమనించేవాళ్లు. అవి నెమ్మదిగా వచ్చాయి. మా నాయన మెడ బిగిసింది. వెనక నుంచి పిలిస్తే తల తిప్పడు, మనిషి మొత్తం తిరుగుతాడు. కొత్తవాళ్లు పొగరనుకునేవాళ్లు. గొంతుకూర్చుని లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. మా అమ్మకు మోకాళ్లు. ఊళ్లో నలభై దాటినవాళ్లలో సగం మందికి మోకాళ్లో నడుమో. దానికి వాతమని పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టుకున్నాక ఇంకేం భయం, అందరికీ ఉన్నదే. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. సరిగ్గా తోముకోరని తిట్టేవాళ్లం. నా భార్యది గిద్దలూరు. పెళ్లయిన కొత్తలో నన్ను అడిగింది.

"మీ ఊళ్లో నవ్వేటప్పుడు పిల్లలందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారేంది?"

"మర్యాద" అన్నాను. నేను నిజంగానే అలా అనుకున్నాను.

ఫ్లోరైడ్ అనే మాట నాకు తెలియదని కాదు. కెమిస్ట్రీ చెప్పేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది. కానీ ఫ్లోరైడ్ అంటే అటు కనిగిరి వైపు సంగతని మా వైపు అందరి నమ్మకం. భూమి లోపల రాళ్లు మండలాల సరిహద్దులు చూసుకుని నడుచుకుంటాయని నేను కూడా నమ్మాను. చదువు మనిషిని కొంతవరకే కాపాడుతుంది.

మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సున్నపు మరకలు కనిపించాయి. వాటి మధ్య గోధుమరంగు గీతొకటి. నా భార్య నా మాట కోసం ఆగలేదు, మార్కాపురంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామంది. నేనూ వెళ్లాను. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, "ఏ నీళ్లు తాగుతారండీ?" అని అడిగింది.

"మంచినీళ్లేనండీ" అన్నాను.

"మంచినీళ్లే. ఎక్కడివి?"

"మా సొంత బోరువండీ. చాలా మంచి నీళ్లు. పప్పు ఇట్టే ఉడుకుతుంది."

ఆమె అద్దం పక్కన పెట్టింది. "మీరేం చేస్తుంటారు?"

"కెమిస్ట్రీ చెబుతానండీ."

ఆమె ఇంకేమీ అడగకుండా పాప నోట్లోకి మళ్లీ చూసింది. చూడాల్సింది ఏమీ మిగల్లేదని నాకు తెలుసు, మర్యాదకు చూసింది. ఇవి తోమితే పోయే మరకలు కావని, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడినవని చెప్పింది. పళ్ల సంగతి తర్వాత, ముందు నీళ్లు మార్చి ఎముకలు కాపాడుకోమంది.

కాలేజీలో ఫ్లోరైడ్ చూసే కిట్టు లేదు. ఇంకో కాలేజీలో ఉన్న మిత్రుణ్ణి అడిగి తెచ్చుకున్నాను. గులాబీ రంగు మందు. నీళ్లలో ఫ్లోరైడ్ లేకపోతే గులాబీగానే ఉంటుంది, ఎక్కువుంటే పసుపుపచ్చగా మారుతుంది. బోరు నీళ్లు చూస్తుండగానే పసుపుపచ్చగా మారాయి. మళ్లీ చేశాను, మళ్లీ మారాయి. మూడోసారి సీసా మార్చి చూశాను. సీసా తప్పు కూడా కాదు. తర్వాత పాత బావి నీళ్లు పోశాను. గులాబీ రంగు దాదాపు అలాగే ఉండిపోయింది.

ల్యాబులో స్టూలు మీద కూర్చున్నాను. ఎందుకిలా అయిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, ఎందుకంటే దాన్ని పదిహేడేళ్లుగా నేనే చెబుతున్నాను. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే నీళ్లలో కరగవు, రాయిలా కింద కూర్చుంటాయి. అంటే గట్టినీళ్లలో ఫ్లోరైడ్ నిలవలేదు, కాల్షియం దాన్ని పట్టుకుని కూర్చోబెడుతుంది. మెత్తటి నీళ్లలో పట్టుకునేవాళ్లు లేరు, అది హాయిగా తిరుగుతుంది. పప్పు ఉడకనివ్వంది కాల్షియమే. మమ్మల్ని కాపాడుతూ వచ్చిందీ అదే. మెత్తటి నీళ్లు తాగితే ఫ్లోరైడ్ మన లోపలికి వచ్చి, బయట దొరకని కాల్షియాన్ని ఎముకల్లో వెతుక్కుంటుంది. అక్కడ బోలెడంత ఉంటుంది. నీళ్ల గట్టిదనం ఒక సెమిస్టరులో చెబుతాను, కరగడం కరగకపోవడం ఇంకో సెమిస్టరులో. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. పరీక్షలో అలాంటి ప్రశ్న రాదు.

ఇంట్లో నా భార్యకు చెప్పాను. "కాచి తాగితే పోదా?" అంది.

"పోదు. నీళ్లు ఆవిరై పోతాయి, అది మిగులుతుంది. ఇంకా చిక్కబడుతుంది."

మా అమ్మకు మోకాళ్ల నొప్పి మొదలైనప్పటి నుంచి నీళ్లు కాచి తాగమన్నది నేనే. ఆ సంగతి నా భార్య నాకు గుర్తు చేయలేదు. అంతకంటే తిట్టి ఉంటే నయం.

పాప నీళ్లు మార్చడం తేలిక, మార్కాపురం నుంచి క్యాను తెచ్చాను. ఊరికి చెప్పడం తేలిక కాదు. ఊరికి చెప్పాలంటే ముందు నాయనకు చెప్పాలి. గొర్రెల వెనక తిరిగి తిరిగి, ఆయన ఈ ఊరికి ఇచ్చింది ఆ నీళ్లొక్కటే. దాన్నిప్పుడు విషమని నేను చెప్పాలి. ఇంకో భయం కూడా ఉంది, దాచను. ఆ నీళ్లకు నంబర్ వన్ సర్టిఫికెట్ ఇచ్చిన లెక్చరర్ ఎవరని ఊరు అడిగితే, నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

రెండు సీసాలు ఇంటికి తెచ్చి, ఆయన ముందు చేసి చూపించాను. ఒకటి పసుపు, ఒకటి గులాబీ. ఆయన రెండిటినీ వెలుతురుకు ఎత్తి చూశాడు.

"అట్లయితే పప్పు ఎట్ల ఉడికిందిరా?" అన్నాడు.

చెప్పాను. బోర్డు లేకుండా, ప్లస్సులు మైనస్సులు లేకుండా చెప్పాను. నా ఉద్యోగంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు మొత్తం అర్థమైంది.

"అంటే మంచివి గొర్లకు తాపి, చెడ్డవి మనం తాగినాం."

"అంతే నాయనా."

"గొర్లు బాగనే ఉండాయి" అన్నాడు. లేవడానికి చెయ్యి చాపాడు. లేపాను. వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మోటారు మాత్రం ఎప్పటిలాగే వేశాడు. మొదటి రోజు ఆ నీళ్లే తాగాడు కూడా, నా ఎదురుగానే, చెంబెత్తి. మెడ వెనక్కి వంగదు కాబట్టి నడుము నుంచి వంగి తాగుతాడు. నాకు చెంబు లాక్కోవాలనిపించింది. పదిహేడేళ్లు తాగినవాడి చేతిలోంచి ఒక చెంబు లాక్కుని ఏం సాధిస్తాననిపించి ఊరుకున్నాను. రెండో రోజు పాప తన సీసాలో క్యాను నీళ్లు తెచ్చి, "తాతా, ఇవి తాగు" అంటే తాగాడు.

మూడో రోజు ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. కరెంటు వచ్చింది. ఆయన మోటారు వేయలేదు. తొట్టి దగ్గర బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, మగవాళ్లు నలుగురైదుగురు సైకిళ్లకు, బండ్లకు బిందెలు కట్టుకుని వచ్చి ఉన్నారు. నేను నా రెండు సీసాలు పట్టుకుని ఆయన వెంట వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. మొదటి వాక్యం దొరికింది. రెండోది దొరకలేదు.

"ఈ నీళ్లు ఇంక తాగబాకండి" అన్నాడు మా నాయన, నాకంటే ముందు. "పళ్లు పోయేది, మోకాళ్లు పట్టుకుపోయేది, అన్నీ వీటివల్లనే. బట్టలకు, గిన్నెలకు వాడుకోండి. తాగేదానికి, వంటకు వద్దు."

మా ఇంటి వెనక వీధిలో ఉండే ఒకామె, నాకు అత్త వరస, బిందె నడుము మీద నుంచి దించింది. వాళ్లాయన రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు, నడుము నిలబడదు.

"ఇదేంది అన్నా, మీవాడు కాలేజీలో చూసి బాగుండాయన్నాడని నువ్వే గదా చెప్పింది?" అంది.

అందరూ నా వైపు చూశారు.

మా నాయన మనిషి మొత్తం ఆమె వైపు తిరిగాడు. "వాడు అట్ల అన్లేదమ్మా. వాడు అప్పుడే వద్దన్నాడు. ఇవి తాగేదానికి పనికిరావు నాయనా అన్నాడు. నేనే ఇన్లేదు. పప్పు ఉడికింది, ఈ పిల్లోడికేం తెలుసు అనుకున్నా. వద్దన్నాడని చెప్తే మీరు తాగరని, బాగుండాయన్నాడని నేనే అబద్ధం చెప్పినా. తప్పు నాది."

"సారు చెప్తే ఇనాల్సింది మామా" అన్నారెవరో, వెనక నుంచి.

"ఇనాల్సింది" అన్నాడు మా నాయన.

ఆమె బిందెలో నిన్నటి నీళ్లు కొంచెం ఉంటే వాటిని తొట్టి మొదట్లో కుమ్మరించి, ఖాళీ బిందె తీసుకుని పోయింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పోయారు. నేను చేతిలో రెండు సీసాలతో నిలబడి ఉన్నాను. మాట్లాడటానికి కావలసినంత టైముంది. ఒక్క మాట చాలు, "నాయన చెప్పేది నిజం కాదు" అని. అనలేదు.

ఇంటికి వచ్చే దారిలో, "ఎందుకట్ల చెప్పినావు నాయనా?" అని అడిగాను.

"నువ్వు రేపు పొయ్యి పాఠం చెప్పాల గదరా. పిలకాయలు అడుగుతారు. నన్ను గొర్లు ఏం అడుగుతాయి?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆ ఊసెత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది. సిగ్గు వేసినంత మాత్రాన నేను ఊళ్లోకి వెళ్లి నిజం చెప్పానని అనుకోకండి.

ఇది జరిగి మూడేళ్లయింది. మోటారు ఇప్పుడు చేనుకే. పాత బావి నీళ్లలో పప్పు ఇప్పటికీ ఉడకదు కాబట్టి ఊళ్లో ఆటో ఆగుతుంది, క్యాన్లు దించుతుంది. ఎవరైనా కొత్త బోరు వేయిస్తే పప్పు ఉడికించరు, సీసాలో నీళ్లు పట్టుకుని మా ఇంటికి వస్తారు. "సారు అప్పుడే చెప్పినాడు" అని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ వస్తారు. నేను సీసా తీసుకుని, రేపు చూసి చెబుతానంటాను. వసారాలో మా నాయన కూర్చుని ఉంటాడు. ఆయన్ని ఎవరూ పలకరించకుండా దాటి లోపలికి వస్తారు.